గుర్రానికి గేదె లెక్క పనికిరాదు

ప్రశ్న: అయ్యా, పెళ్లి బరాతుల కోసం ఒక ఆడ గుర్రాన్ని పెంచుతున్నాను. వయసు 8 ఏళ్లు. గేదెలకు చేసినట్టే, ఎద కనబడిన రోజు సాయంత్రమే మగ గుర్రంతో దాటించాను. రెండుసార్లు దాటించినా మూడు వారాలకు మళ్లీ పొర్లింది (చూడి నిలవక తిరిగి ఎదకు వచ్చింది). గర్భసంచిలో ఏమైనా లోపమా?
– ఒక రైతు, సంగారెడ్డి జిల్లా

జవాబు: మూడు వారాలకు క్రమం తప్పకుండా ఎదకు వస్తోందంటే అండాశయాలు బాగానే పనిచేస్తున్నాయి. గర్భసంచి కంటే ముందు దాటించిన రోజునే అనుమానించాలి.

గేదెకు ఎద ఒక రోజులో ముగుస్తుంది, అండం ఆ తర్వాత విడుదలవుతుంది. అందుకే పొద్దున ఎదకొస్తే సాయంత్రం అనే లెక్క అక్కడ సరిపోతుంది. గుర్రానికి ఎద 5 నుంచి 7 రోజులుంటుంది. అండం విడుదలయ్యేది ఎద ముగియడానికి ఒకటి రెండు రోజుల ముందు. మొదటి రోజే దాటిస్తే అండం వచ్చేసరికి వీర్యకణాలు చాలావరకు చనిపోయి ఉంటాయి.

ఈసారి మగ గుర్రాన్ని గట్టి కంచెకు అవతల నిలబెట్టి చూడండి. ఎదలో ఉంటే తోక ఎత్తి, వెనక కాళ్లు ఎడంగా పెట్టి, కొద్దికొద్దిగా మూత్రం పోస్తూ మానాన్ని తెరిచి మూస్తుంటుంది. లేకపోతే చెవులు వెనక్కి వాల్చి తన్నబోతుంది. ఎద మొదలైన మూడో రోజు నుంచి రోజు విడిచి రోజు, మగ గుర్రాన్ని దగ్గరకు రానిచ్చినన్ని రోజులు దాటించండి. స్కానింగ్ వీలైతే ఫాలికిల్ (అండాశయంలో అండం పెరిగే నీటి బుడగ) 35 మిల్లీమీటర్లకు పెరిగిందో లేదో చూసి దాటించడం ఇంకా మేలు. ఎదలో కారే జిగట తెరల్లో చీము కనబడితే మాత్రం దాటించకుండా ముందు పరీక్ష చేయించండి. బయటి నుంచి తెచ్చే మగ గుర్రానికి గ్లాండర్స్ రక్తపరీక్ష తప్పనిసరిగా అడగండి. అది మనుషులకూ సోకే జబ్బు.

దాటించిన 14–16 రోజులకు స్కానింగ్ మానవద్దు. కవలలుంటే ఎక్కువగా ఈసుకుపోతుంది (గర్భం పోతుంది). ఆ రోజుల్లోనైతే డాక్టరు ఒక పిండాన్ని నలిపి రెండోదాన్ని కాపాడగలరు. చూడి నిలిస్తే ఈనడానికి సుమారు 11 నెలలు పడుతుంది. ఏడో నెల దాటాక బరాతులు పూర్తిగా మాన్పించండి. డీజే, టపాకాయల మధ్య నిండు చూడి గుర్రాన్ని ఆడించడం చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

ఈనేటప్పుడు తెల్లటి పొర రావాలి. ఎర్రటి మఖమల్ గుడ్డలాంటి సంచి ముందు కనబడితే డాక్టరు కోసం ఆగకుండా వెంటనే చింపి పిల్లను బయటికి లాగండి. ఆలస్యమైతే పిల్లకు ఊపిరాడదు. పిల్ల గంటలో లేచి నిలబడాలి, రెండు గంటల్లో జున్నుపాలు తాగాలి. మాయ 3 గంటల్లో పడాలి. గేదెకైతే మర్నాటి దాకా చూస్తాం, గుర్రానికి అలా చూస్తే విషం ఒంటికెక్కి డెక్కలు దెబ్బతింటాయి, ప్రాణమూ పోవచ్చు. వేలాడే మాయను లాగవద్దు, బరువు కట్టవద్దు. కాళ్ల కింద పడి చిరగకుండా పైకి ముడి వేసి డాక్టరును పిలవండి. గుర్రాలు ఎక్కువగా రాత్రిపూటే ఈనుతాయి కాబట్టి రాత్రి వచ్చే డాక్టరుతో ముందే మాట్లాడి పెట్టుకోండి.