మొక్కి కన్న బిడ్డే.. అయినా ఏడుపెందుకు?

ప్రశ్న: నా వయసు 28. పెళ్లయిన ఐదేళ్లకు, ఎన్నో మొక్కులు మొక్కాక బాబు పుట్టాడు. సిజేరియన్ చేశారు. వాడికిప్పుడు రెండున్నర నెలలు. పుట్టింట్లో ఉన్నాను. ఊరికే ఏడుపొస్తోంది. బాబు పడుకున్నా నాకు నిద్ర పట్టదు. ఎత్తుకుంటే పరాయి బిడ్డను ఎత్తుకున్నట్టుంటోంది. దేవుడి ముందు కూర్చున్నా మనసు నిలవదు. ‘దేవుడిచ్చిన వరాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తావేంటి’ అని అమ్మ కోప్పడుతోంది. నేను తల్లిగా పనికిరానా?
- ఓ సోదరి, ఖమ్మం

జవాబు: మీ ఉత్తరంలో నా కన్ను పడింది ఒక్క మాట మీద. బాబు పడుకున్నా నిద్ర పట్టడం లేదన్నారు. పసిపిల్లల తల్లులందరికీ నిద్ర చాలదు. కానీ అవకాశం దొరికితే తల వాల్చగానే నిద్రపోతారు. అలా పట్టకపోవడం, రోజూ ఏడుపు, బిడ్డ మీద మనసు పోకపోవడం.. ఇవన్నీ కలిసి ప్రసవానంతర డిప్రెషన్‌ వైపు చూపిస్తున్నాయి. కాన్పయిన కొద్ది రోజుల్లోనే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. మొదటి వారంలో చాలామంది బాలింతలు కంటతడి పెట్టేది అందుకే. అది రెండు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. మీకు రెండు నెలలు దాటింది కాబట్టి ఇక ఎదురుచూడొద్దు.

సైకియాట్రిస్టును కలవండి. ముందు మీ గైనకాలజిస్టుకు చెప్పినా సరే. గత వారం రోజులు మీ మనసెలా ఉందో తెలుసుకోవడానికి పది ప్రశ్నలు అడుగుతారు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకోండి. కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా చేసినా నీరసం, దిగులు ఇలాగే ఉంటాయి. అన్నట్టు, పథ్యం పేరుతో మీకు కారప్పొడి అన్నమే పెడుతున్నారా? పాలిచ్చే తల్లికి అది చాలదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు అన్నీ తినండి. నీళ్లు తగ్గించొద్దు.

కొందరికి కౌన్సెలింగ్‌ సరిపోతుంది. మందు అవసరమైతే, పాలు మాన్పించాల్సి వస్తుందని భయపడకండి. సెర్ట్రలిన్ లాంటి మందులు తల్లిపాలలోకి చాలా కొద్దిగానే వెళతాయి. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మధ్యలో సొంతంగా ఆపేయకండి.

ఇక దేవుడి సంగతి. మనసు నిలవకపోవడం ఈ జబ్బు లక్షణమే, భక్తి తగ్గడం కాదు. టీవీ ముందు కూర్చున్నా నిలవదు, చూడండి. మొక్కు ఎక్కడికీ పోదు, ఒళ్లు కుదుటపడ్డాక తీర్చుకోవచ్చు. బిడ్డ మీద ప్రేమ కూడా కొందరికి నెమ్మదిగానే వస్తుంది. పనికిరాని తల్లయితే ఇంత మథనపడి ఉత్తరం రాయదు.

మీ అమ్మగారితో ఒక మాట. కోప్పడకండమ్మా. మీ అమ్మాయికి జ్వరమొస్తే ఏం చేస్తారో ఇప్పుడూ అదే చేయండి. రాత్రిపూట ఒక విడత బాబును మీరు చూసుకుని, ఆమెను వరుసగా నాలుగైదు గంటలు పడుకోనివ్వండి. అల్లుడిని పిలిపించి డాక్టరు దగ్గరికి ఇద్దరినీ కలిపి పంపండి.

చనిపోవాలని గానీ, బాబును ఏమైనా చేయాలని గానీ ఆలోచన వచ్చినా, ఎవరికీ వినపడని మాటలు వినిపిస్తున్నా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లండి. అప్పటిదాకా బాబుతో ఒంటరిగా ఉండకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.