వాడు వింటున్నది మాటలనా, టోకెన్ బోర్డునా?

ప్రశ్న: మేం ఉప్పల్‌లో ఉంటాం. మా బాబు ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఏడాదిగా కంప్యూటర్‌కి సిగ్నళ్లు పట్టే చిన్న యూఎస్‌బీ డాంగిల్ పెట్టుకుని రేడియో సిగ్నళ్లు చూస్తూ కూర్చుంటున్నాడు. ట్రంకింగ్, కంట్రోల్ ఛానల్ అంటాడు, మాకేమీ అర్థం కాదు. ఇప్పుడు విదేశం నుంచి రేడియో మాటలు వినే స్కానర్ తెప్పించమంటున్నాడు. పోలీసుల వైర్‌లెస్ వింటే కేసవుతుందని మా తమ్ముడు భయపెట్టాడు. ఈ పిచ్చి మాన్పించాలా? – ఓ తల్లి

జవాబు: అమ్మా, స్కానర్ కొనకండి. కానీ ఆ ఆసక్తిని మాత్రం చంపకండి. ఈ రెండూ వేర్వేరు విషయాలు.

ముందు వాడు చెప్పేదేమిటో చూద్దాం. మీ పెద్దవాళ్లు ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలు గంటలు ఎదురుచూసిన సంగతి చెప్పే ఉంటారు. ఊరికీ ఊరికీ మధ్య ఉన్న కొద్దిపాటి లైన్లనే అందరూ వంతులవారీగా వాడుకునేవారు. ఆ ట్రంకే ఇది. పాత పద్ధతి వాకీటాకీల్లో ఒక్కో శాఖకు ఒక్కో ఫ్రీక్వెన్సీ ఉంటుంది. ఒకటి ఖాళీగా పడి ఉన్నా పక్క శాఖకు అది పనికిరాదు. ట్రంకింగ్‌లో అన్నిటినీ ఒకచోట కలిపేస్తారు. బ్యాంకులో టోకెన్ బోర్డు చూస్తాం కదా, 47వ నంబరు మూడో కౌంటరుకి అని. కంట్రోల్ ఛానల్ చేసేది అదే. సెట్లన్నీ దాన్నే వింటూ ఉంటాయి. ఎవరైనా మాట్లాడాలని బటన్ నొక్కితే ఆ సెట్ ముందు అనుమతి అడుగుతుంది. సిస్టమ్ ఖాళీ ఫ్రీక్వెన్సీ ఒకటి కేటాయించి, ఆ గ్రూపువాళ్లందర్నీ అక్కడికి పంపుతుంది. మాట అయిపోగానే అందరూ మళ్లీ బోర్డు దగ్గరికే. ఈ కేటాయింపంతా సెకను లోపే జరిగిపోతుంది.

అందుకే మామూలు రిసీవర్‌తో వింటే ప్రశ్న ఒకచోట, జవాబు మరోచోట వినపడి అంతా గందరగోళంగా ఉంటుంది. ఈ బోర్డును చదివి మాటల వెంట పరుగెత్తే స్కానర్‌ను యూనిడెన్ కంపెనీ 1997లో అమెరికాలో తెచ్చింది. అక్కడ ఎన్‌క్రిప్షన్ (బయటివాళ్లకు అర్థం కాకుండా రహస్య సంకేతాలుగా మార్చడం) లేని పోలీసు, ఫైర్ సర్వీసుల మాటలు వినడం పాత హాబీ. మీవాడు ఇంటర్నెట్‌లో చూసేవి చాలావరకు అక్కడివే. అక్కడ ఎక్కువగా వాడే పీ25 అనే డిజిటల్ రేడియో పద్ధతిలో కంట్రోల్ ఛానల్ మీద సెకనుకు 9,600 బిట్లు పోతుంటాయి. వాటిని విడదీసి చదవడం బీటెక్‌లో డిజిటల్ కమ్యూనికేషన్స్ పాఠం. మీవాడు దాన్ని ఇంటర్‌లోనే, ఎవరూ చెప్పకుండా పట్టుకున్నాడు. నాకు నిజంగా ముచ్చటేసింది.

మీ తమ్ముడి భయం మాత్రం ఉత్తది కాదు. మన దేశంలో 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం ఇతరుల సందేశాలను అక్రమంగా పట్టుకోవడం నేరం. మూడేళ్ల దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా పడొచ్చు. కాబట్టి హైదరాబాద్ పోలీసు, అంబులెన్స్, మెట్రో, ఏ శాఖ మాటల జోలికీ పోవద్దని గట్టిగా చెప్పండి. ఎన్‌క్రిప్షన్ లేదు కాబట్టి వినొచ్చు అన్న వాదన ఇక్కడ నడవదు. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే వాకీటాకీలు కూడా లైసెన్సు సంగతి తేల్చుకోకుండా కొననివ్వొద్దు.

మరి ఆ ఆసక్తిని ఎటు మళ్లించాలి? మన ఊళ్లోనే దారి ఉంది. సోమాజిగూడలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. లైసెన్సు తీసుకుని హాబీగా రేడియోలో మాట్లాడుకునే ఈ అమెచ్యూర్ రేడియోనే హామ్ రేడియో అంటారు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు ఈ సంస్థ బృందం అండమాన్‌లోనే ఉంది. ఫోన్లు మూగబోయిన ఆ రోజుల్లో వాళ్ల హామ్ రేడియో మీదనే ఎన్నో కుటుంబాలకు తమవాళ్ల క్షేమ సమాచారం అందింది. ఒక ఆదివారం వాడికి ఈ సంగతి చెప్పండి. హామ్ లైసెన్సుకు పన్నెండేళ్లు నిండితే చాలు. అందులో రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ (చుక్కలు, గీతల సంకేత భాష) కూడా అక్కర్లేదు, కాస్త ఎలక్ట్రానిక్స్, కాస్త నిబంధనలు చదివితే సరిపోతుంది. అది వస్తే వాడు వినడమే కాదు, సొంత కాల్‌సైన్‌తో, అంటే రేడియోలో తన గుర్తింపు పేరుతో, మాట్లాడతాడు కూడా.

కెరీర్ విషయానికొస్తే, ఈసీఈ తీసుకోమనండి. అందరూ సీఎస్‌ఈ అంటున్నారని వాణ్ని అటు తోయొద్దు. సిగ్నల్స్ ల్యాబ్ నిజంగా నడిచే కాలేజీ చూడండి, పేరు తర్వాత. ఇక్కడే చాంద్రాయణగుట్టలో రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధన సంస్థ డీఎల్ఆర్ఎల్ ఉంది. మన నగరంలోనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఉంది, ఫోన్ చిప్‌ల కంపెనీ క్వాల్‌కామ్ ఉంది. తెలంగాణ పోలీసు శాఖలో ఐటీ అండ్ కమ్యూనికేషన్స్ ఎస్‌ఐ పోస్టులకు ఇంజినీర్లనే తీసుకుంటారు. మీవాడికి బహుశా తెలియని సంగతి ఇంకొకటి: గాలిలో ఏ ఫ్రీక్వెన్సీని ఎవరు ఎలా వాడుతున్నారో వింటూ కాపలా కాయడమే పనిగా కేంద్ర టెలికాం శాఖలో వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్ ఉంది. యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష రాసి ఇండియన్ రేడియో రెగ్యులేటరీ సర్వీస్‌లో చేరితే, ఇప్పుడు దొంగచాటుగా చేయాలనుకుంటున్న పనిని చట్టం అండతో, జీతం తీసుకుని చేయొచ్చు.

ఇప్పటికైతే ఇంటర్ పరీక్షలు, ఆ వెంటనే ఎప్‌సెట్. అప్పటిదాకా డాంగిల్ బీరువాలో పెట్టించండి. లాక్కున్నట్టు కాదు, తేదీ చెప్పి పెట్టించండి. ఎప్‌సెట్ అయ్యాక కౌన్సెలింగ్ మొదలయ్యేదాకా దొరికే ఖాళీలో సోమాజిగూడకు మీరూ వాడితో వెళ్లి, హామ్ పరీక్షకు ఎలా సిద్ధం కావాలో అడగండి.