ముప్పై రెండేళ్ల వయసులో నర్సింగ్ చదవవచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నా వయసు 32. ఇంటర్ బైపీసీ తర్వాత బీకాం చదివి, ఎనిమిదేళ్లుగా ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తున్నాను. నిరుడు మా అత్తమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు నల్లగొండ ఆసుపత్రిలోనూ, ఆ తర్వాత ఇంట్లోనూ నేనే దగ్గరుండి చూసుకున్నాను. అప్పటి నుంచి నర్సు కావాలన్న కోరిక బలపడింది. మా ఆయన సరే అంటున్నారు కానీ, ఆరేళ్ల పాపను పెట్టుకుని ఈ వయసులో చదువేమిటని పుట్టింటివారు వద్దంటున్నారు. నాకు నిజంగానే వయసు మించిపోయిందా? జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా) చేయాలా, బీఎస్సీ నర్సింగ్ చేయాలా?
— ఒక పాఠకురాలు

జవాబు: వయసు మించిపోలేదమ్మా, కానీ ఇక ఆలస్యం చేయడానికి వీల్లేదు. భారత నర్సింగ్ మండలి నిబంధనల ప్రకారం జీఎన్ఎంలో చేరడానికి గరిష్ఠ వయసు 35 ఏళ్లు. ఇంటర్‌లో 40 శాతం మార్కులు, ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు. చదువు మూడేళ్లు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు పడుతుంది. బైపీసీలో 45 శాతం మార్కులు ఉండాలి, పైగా ఇప్పుడే ఇంటర్ ముగించిన పిల్లలతో సీటు కోసం పోటీ పడాలి. మీ పరిస్థితిలో జీఎన్ఎం మేలని నా అభిప్రాయం. అది పూర్తయ్యాక ఉద్యోగంలో కుదురుకుని, జీఎన్ఎం చేసినవారి కోసం ఉన్న రెండేళ్ల నర్సింగ్ డిగ్రీ, అంటే పోస్ట్ బేసిక్ బీఎస్సీ, చదువుకునే దారి ఎలాగూ ఉంది.

ఉద్యోగాల విషయంలో మాత్రం మీ వయసును గుర్తుంచుకోవాలి. చదువు ముగిసేసరికి మీకు 35 దాటుతాయి. బీబీనగర్ ఎయిమ్స్ వంటి కేంద్ర సంస్థల్లో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు సాధారణ గరిష్ఠ వయసు 30 కాబట్టి, రిజర్వేషన్ సడలింపులు కలిపినా ఆ అవకాశం మీకు దాదాపు లేనట్టే. రాష్ట్ర ప్రభుత్వ నియామకాల సంగతి వేరు. 2024 నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 46 ఏళ్లుగా ఇచ్చారు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటికి అనుబంధంగా పెద్ద ఆసుపత్రులు నడుస్తున్నందున, మన ప్రాంతంలోనే పనిచేయాలనుకునేవారికి ఇది మంచి కాలమే. అయితే చిన్న ప్రైవేటు ఆసుపత్రుల్లో మొదటి జీతం మీ మిల్లు జీతం కంటే తక్కువ కావచ్చునని ముందే తెలుసుకుని చేరండి.

ఇక మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. అత్తమ్మ మీకు అయినవారు కాబట్టి ప్రేమతో చేశారు. వార్డులో ముఖం తెలియని మనిషికి, ఒక్కోసారి నొప్పితో మనల్నే కసురుకునే మనిషికి, అదే శ్రద్ధతో చేయాలి, చేసిన ప్రతి పనినీ వెంటనే రాసిపెట్టాలి. పక్షవాతం వచ్చినవారికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చడం, మింగగలుగుతున్నారో లేదో చూడకుండా నోటికి ఏదీ అందించకపోవడం, పొద్దున బాగా మాట్లాడిన మనిషి సాయంత్రానికి మగతగా ఉంటే ఆ తేడాను పసిగట్టి డాక్టరుకు వెంటనే చెప్పడం, ఇవన్నీ నర్సు బాధ్యతలే. మందు ఇచ్చే ప్రతిసారీ రోగి, మందు, మోతాదు, సమయం, ఇచ్చే మార్గం ఈ అయిదూ సరిచూసుకోవాలి. ఎనిమిదేళ్లు లెక్కలు రాసిన మీకు అంకె తప్పితే ఏమవుతుందో తెలుసు. ఆ అలవాటు మీ సేవాగుణానికి ఏమాత్రం తీసిపోని అర్హత అని నేను గట్టిగా నమ్ముతాను.

కాలేజీని ఎంచుకునేటప్పుడు మాత్రం ఎవరి మాటా నమ్మకండి. ఆరు నెలల్లో, ఏడాదిలో నర్సును చేస్తామని చెప్పే సర్టిఫికెట్ కోర్సులతో రిజిస్టర్డ్ నర్సు కాలేరు. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు కానిదే ప్రభుత్వ ఉద్యోగానికి అర్హత ఉండదు. చేరబోయే సంస్థకు కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో, విద్యార్థులను ఏ ఆసుపత్రికి, ఎన్ని పడకల ఆసుపత్రికి శిక్షణకు పంపుతారో స్వయంగా వెళ్లి కనుక్కోండి. రోగులు లేని ఆసుపత్రిలో మూడేళ్లు గడిపితే చేతికి పని రాదు.

పాప విషయంలో మీ పుట్టింటివారి భయాన్ని కొట్టిపారేయలేను. శిక్షణలో రాత్రి డ్యూటీలు తప్పవు. కొన్ని సంస్థలు హాస్టల్లోనే ఉండాలంటాయి. ఆ రాత్రుల్లో పాప ఎవరి దగ్గర పడుకుంటుందో, పొద్దున బడికి ఎవరు పంపుతారో మీ ఆయనతో కూర్చుని ఇప్పుడే తేల్చుకోండి, ఎందుకంటే "సరే" అనడం వేరు, ఆ పనులు తలకెత్తుకోవడం వేరు. ఈలోగా ఇంటర్ మెమో, స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయ ధ్రువపత్రాలు సిద్ధం చేసుకోండి. హెపటైటిస్-బి టీకా ఇంతవరకు వేసుకోకపోతే మొదటి డోసు ఇప్పుడే వేయించుకోండి; రెండోది నెలకు, మూడోది ఆరో నెలకు వేస్తారు కాబట్టి, వార్డులో సూది పట్టే నాటికి మూడూ పూర్తవుతాయి.