వేసవి సాయంత్రపు గాలివానను తుపాను అనవచ్చునా?

సందేహం: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఉద్యోగ విరమణ తరువాత మేడ మీద వర్షమాపకం అమర్చుకుని, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు అందులోని నీటిని కొలిచి, గాలి, మబ్బు, ఉరుముల వివరాలతో సహా తెలుగులో ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. ఈ వేసవిలో ఒకరోజు “నిన్న సాయంత్రం తుపాను వచ్చి అరగంటలో భారీ వర్షపాతం కురిసింది, 38 మి.మీ.” అని రాశాను. శ్రీకాకుళంలో ఉండే మా బావగారు అది చూసి, తుపాను కాదు, గాలివాన అనాలన్నారు. మా వీధిలో ఒడియావారూ, వారితో కలిసి పెరిగిన మేమూ దానిని కాలబైశాఖి అంటాము. మరొక పుటలో “బంగాళాఖాతంలో అవపాతం ఏర్పడింది” అని రాస్తే అది అసలు తెలుగే కాదన్నారు. ఒడియా పత్రికలో ఆ మాటే ఉంది, సంస్కృత పదమే కదా అని రాశాను. వీటిలో ఏది సరైనదో తెలుపగోరుతాను.

సమాధానం: మీ బావగారు చెప్పిన రెండు మాటలలో మొదటిది సరైనది. రెండవది సగమే సరైనది. అవపాతం తెలుగులో ఉన్న మాటే, కానీ తెలుగులో దాని అర్థం వేరు. ముందుగా తుపాను సంగతి చూద్దాం.

తుపాను అరబ్బీ నుంచి పారశీకం, హిందుస్తానీల మీదుగా మన భాషలోకి వచ్చిన మాట. తుఫాను, తుఫాన్ అన్న రూపాలు కూడా వాడుకలో ఉన్నాయి గానీ, తెలుగువారి నోటికి సహజంగా పలికేది తుపాను కనుక రాతలో కూడా దానినే పాటించడం మేలని నా అభిప్రాయం. ఈ మాట స్థిరపడక ముందు గాలివాన అన్న తెలుగు సమాసమే సముద్రం మీద పుట్టిన పెనుగాలికీ, మిట్టమధ్యాహ్నపు ఎండ తరువాత కొండల మీదినుంచి దిగివచ్చే వానకూ సమానంగా చెల్లేది. గాలీ వానా కలిసి వచ్చిందని మాత్రమే ఆ సమాసం చెబుతుంది, అది ఎక్కడ పుట్టిందో చెప్పదు. అందువల్ల పాత రచనలలో గాలివాన అని కనిపించిన ప్రతిచోటా నేలమీది వాననే ఊహించుకోకూడదు. వాతావరణ హెచ్చరికలు రోజూ చెవిన పడడం మొదలైన తరువాత తుపాను అన్న మాట సముద్రం మీద ఏర్పడి, సుడి తిరుగుతూ తీరానికి వచ్చేదానికి స్థిరపడిపోగా, గాలివాన అన్న మాట ఒకటి రెండు గంటలలో వచ్చిపోయే నేలమీది వానకు మిగిలింది. ఈ పంపకం ఎవరూ శాసించినది కాదు, వాడుకే చేసుకున్నది. ఇంత చక్కటి భేదం భాషలో ఏర్పడిన తరువాత దానిని మళ్లీ చెరిపివేయడం మనకే నష్టం. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం పనికిరాదని మనవారు ఊరికే అనలేదు.

మీరు చూసిన సాయంత్రపు వానకు కారణం కూడా వేరే. పగలంతా నేల కాగిపోయి, సముద్రం నుంచి వీచిన తేమగాలి వేడెక్కి పైకి లేవగా, పైన ఉన్న పొడిగాలి దానికి తోడై, చూస్తుండగానే కోటగోడలా పెరిగే క్యుములోనింబస్ మేఘం ఏర్పడుతుంది. దాని నుంచి వచ్చే ఈదురుగాలి, ఉరుము, పిడుగు, ఒక్కొక్కప్పుడు వడగళ్లు, అన్నీ కలిసి ఒక పూటలో ముగిసిపోతాయి. తుపాను అలా కాదు. సముద్రం మీద అల్పపీడనంగా మొదలై, వాయుగుండమై, తీవ్ర వాయుగుండమై, గాలి గంటకు 62 కి.మీ. వేగాన్ని అందుకున్నప్పుడు వాతావరణ శాఖ దానిని తుపాను అంటుంది. ఇక్కడ మీవంటి పరిశీలకులు రెండు విషయాలు గమనించాలి. గాలివానలో కూడా ఈదురుగాలి కొద్ది నిమిషాలపాటు ఆ వేగాన్ని దాటవచ్చు, అంతమాత్రాన అది తుపాను కాదు. అలాగే వేసవిలో వచ్చినదంతా గాలివాన కాదు: 2019 మే 3న పూరీ దగ్గర తీరం దాటిన ఫొని మండుటెండల కాలంలో వచ్చినదే అయినా నిస్సందేహంగా తుపానే. (బంగ్లాదేశ్ పెట్టిన ఆ పేరు మన ఫణి శబ్దమే, బెంగాలీ ఉచ్చారణలో ఫొని అయింది.) పేరు నిర్ణయించేది రుతువు కాదు, గాలి వేగం ఒక్కటే కాదు, పుట్టుక. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి మీ జిల్లాను అతలాకుతలం చేసిన తిత్లీని, మీ మేడ మీద అరగంటలో ఆగిపోయిన వానను ఒకే పేరుతో రాస్తే, రేపు మీ పుస్తకం తిరగేసే మనవడికి ఏది ఏదో తెలియదు.

ఇక కాలబైశాఖి. ఇది ఒడియా, బెంగాలీ భాషలవారు వేసవి గాలివానకు పెట్టుకున్న పేరు. దానిని తెలుగు రాతలో వాడడం తప్పు కాదు. వ్యావహారిక భాష కోసం జీవితమంతా శ్రమించిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయులుగా పనిచేసిన ఊరు మీది. ఆ ఊరి తెలుగువారి నోట నిలిచిన మాటను పరాయిదని తోసివేయడానికి నాకు మనసొప్పదు. అయితే వర్ణక్రమం విషయం చెప్పాలి. సంస్కృతంలో కాల, వైశాఖ అని ఉన్నవి ఒడియాలో లకారం ళకారమై, వకారం బకారమై కాళబైశాఖి అని వినిపిస్తాయి. తత్సమ రూపం కావాలంటే కాలవైశాఖి అనీ, విన్నట్టు రాయాలంటే కాళబైశాఖి అనీ రాయవచ్చు. మీరు రాసిన కాలబైశాఖి ఈ రెంటికీ మధ్యస్థంగా ఉంది. ఏదో ఒకదానిని ఎంచుకుని పుస్తకమంతటా పాటించండి. పేరులో వైశాఖం ఉన్నది కదా అని తెలుగు పంచాంగంలోని వైశాఖ మాసంతో ముడిపెట్టకండి. ఈ గాలివానలు మార్చి నుంచి మే వరకు వస్తాయి. పైగా ఒడియావారి సంవత్సరాది, పణా సంక్రాంతి, సూర్యుడు మేషంలో ప్రవేశించే ఏప్రిల్ 14 ప్రాంతంలో వస్తుంది, మన ఉగాది చాంద్రమానాన్ని అనుసరించి చైత్ర శుద్ధ పాడ్యమినాడు వస్తుంది. నెలల పేర్లు ఒకటే అయినా లెక్కలు వేరు.

అవపాతం విషయం మరింత జాగ్రత్తగా చూడవలసినది. ఒడియా పత్రికలు అల్పపీడనాన్ని లఘుచాప అనీ, వాయుగుండాన్ని అవపాత అనీ, తీవ్ర వాయుగుండాన్ని గభీర అవపాత అనీ, తుపానును బాత్యా అనీ రాస్తాయి. చివరిది వాత శబ్దం నుంచి వచ్చిన సంస్కృతపు వాత్యా పదమే, 1999 అక్టోబరు 29 నాటి పెను తుపానును వారు నేటికీ మహాబాత్యా అంటారు. లఘుచాప, బాత్యా అన్న మాటలు తెలుగులో లేవు కనుక వాటితో ప్రమాదం లేదు, చదివినవాడు ఇదేమిటని అడుగుతాడు. అవపాతం అలా కాదు. మన భూగోళశాస్త్ర పాఠ్యపుస్తకాలలో అవపాతం అంటే వానగా, మంచుగా, వడగళ్లుగా ఆకాశం నుంచి నేలకు చేరే నీరంతా. అందువల్ల మీ వాక్యాన్ని విశాఖపట్నంలోనో విజయవాడలోనో చదివినవారు సముద్రం మీద వాన పడిందని అర్థం చేసుకుని, ఏ అనుమానమూ లేకుండా ముందుకు సాగిపోతారు. రెండు భాషలూ ఒకే సంస్కృత పదాన్ని తీసుకుని, ఒకటి కిందికి దిగిన పీడనానికి, మరొకటి కిందికి పడిన నీటికి పెట్టుకున్నాయి. సరిహద్దున ఉన్నవారు పరాయిగా కనిపించే మాటలకన్నా, ఇలా సొంతమాటలాగా కనిపించేవాటినే ఎక్కువగా అనుమానించాలి. మీ వాక్యం “బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడింది” అని ఉండాలి. వాయుగుండంలోని గుండం సుడిగుండంలో ఉన్నదే కనుక, తిరుగుతున్న గాలి అన్న భావం ఆ మాటలోనే ఇమిడి ఉంది. నా దృష్టిలో ఇది అవపాతం కన్నా ఎంతో అందమైన మాట.

మీరు అడగకపోయినా మీ మొదటి వాక్యంలో మరో రెండు సవరణలు అవసరం. వర్షపాతం అంటేనే వర్షం పడడం, దాని కొలత. కాబట్టి వర్షం కురుస్తుంది, వర్షపాతం నమోదవుతుంది. “వర్షపాతం కురిసింది” అన్న ప్రయోగం పత్రికలలో కూడా కనిపిస్తుంది గానీ అది పొరపాటే. రెండవది భారీ అన్న విశేషణం. వాతావరణ శాఖ పరిభాషలో 24 గంటలలో 64.5 మి.మీ. మొదలుకొని 115.5 మి.మీ. వరకు పడినదే భారీ వర్షం, 15.6 నుంచి 64.4 మి.మీ. వరకు ఒక మోస్తరు వర్షం. ఆ లెక్కన మీ 38 మి.మీ. మోస్తరు వర్షమే. అరగంటలో అంత నీరు పడితే వీధి కాలువలు పొంగి ఉంటాయి, దానిని మోస్తరు అనడానికి మీకు చేయి రాకపోవడం సహజమే. శాఖవారి మాటలు రోజు మొత్తం మీద ఎంత పడిందో చెబుతాయి, ఎలా పడిందో చెప్పవు. ఎలా పడిందో చెప్పడానికి తెలుగులో తుంపర, జల్లు, జడివాన, ముసురు, కుండపోత వంటి మాటలు ఉండనే ఉన్నాయి. రోజంతా ముసురు పట్టి 38 మి.మీ. రావచ్చు, అరగంట కుండపోతతోనూ రావచ్చు. పొలంలో దుక్కికి పదును ఇచ్చేది మొదటిది, గట్లు తెంచుకుపోయేది రెండవది. కొలతను అంకెతో, తీరును తెలుగు మాటతో రాస్తే రెండూ దక్కుతాయి. తొలకరి అన్న మాటను మాత్రం ఈ వేసవి వానలకు వాడకండి, అది మృగశిర కార్తె వేళకు వచ్చే తొలి వానలది.

ఇక మీ వాక్యాన్ని ఇలా రాసుకోవచ్చు: “నిన్న సాయంత్రం గాలివాన వచ్చింది. ఈదురుగాలి వీచి, అరగంటసేపు కుండపోతగా వాన కురిసింది. ఈ ఉదయం ఎనిమిదిన్నరకు 38 మి.మీ. వర్షపాతం నమోదైంది.” పాత పుటలలో తుపాను అని రాసిన చోట్ల ఆ మాటను కొట్టివేయకుండా, పక్కన వేరే సిరాతో గాలివాన అని రాసి, సవరించిన తేదీ వేయండి.