తాతయ్యను ముందు నడవనివ్వండి

ప్రశ్న: మా నాన్నగారికి 76 ఏళ్లు. గుంతకల్లు, గుత్తి, అనంతపురం మధ్య పాతికేళ్లు అంబాసిడర్ అద్దెకారు నడిపారు. ఈ సెలవుల్లో అందరం కర్ణాటకలోని ధర్మస్థల వెళ్తున్నాం. మంజునాథస్వామి దర్శనం అయ్యాక అక్కడి పాత కార్ల మ్యూజియం ఆయనకు చూపించాలని నా కోరిక. ఆయనేమో, "జన్మంతా నడిపినవే కదా, మళ్లీ చూసేదేముంది?" అంటున్నారు. పిల్లలకు పాత కార్ల గురించి ఏమీ తెలియదు. వెళ్లడం దండగ అవుతుందా?
ఒక పాఠకురాలు, గుత్తి

జవాబు: దండగ కానే కాదమ్మా. తప్పకుండా తీసుకెళ్లండి. కాకపోతే లోపల ముందు నడవాల్సింది మీ నాన్నగారు, పిల్లలు ఆయన వెనక.

అనంతపురంలో నలభై ఏళ్లు మెకానిక్ షెడ్డు పెట్టుకుని బతికినవాణ్ణి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ధర్మస్థలలోని కార్లు ఆలయ ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే గారు సేకరించినవి. లోపలికి వెళ్లగానే అందరూ మెరుపు చూసి ఫొటోలకు ఎగబడతారు. మీరు మాత్రం ఒక పాత కారు ముందు వంగి, రేడియేటరు కింద గుండ్రటి రంధ్రం ఉందేమో వెతకండి. దొరకగానే, "ఇదెందుకు తాతయ్యా?" అని పిల్లల చేత అడిగించండి. అది ఇంజను స్టార్టు చేయడానికి హ్యాండిల్ పెట్టి తిప్పే చోటు.

హ్యాండిల్ తిప్పడంలో ఒక ప్రమాదముంది. ఇంజను ఒక్కోసారి తొందరపడి ముందే అంటుకుని హ్యాండిల్‌ను వెనక్కి తంతుంది. బొటనవేలు చుట్టి పట్టుకున్నవాడి వేలు విరిగినట్టే. ఐదు వేళ్లూ ఒకే పక్కన ఉంచి, కింది నుంచి పైకి లాగాలి. నాకు పని నేర్పిన మేస్త్రీ మొదటిరోజు చేతికి స్పానరు ఇవ్వలేదు. తన కుడిచేతి బొటనవేలు చూపించాడు. గణుపు దగ్గర అది పక్కకు తిరిగి ఉండేది. హ్యాండిల్ అక్కర్లేకుండా బ్యాటరీతో ఇంజను తిప్పే సెల్ఫ్ స్టార్టరును అమెరికా ఇంజనీరు చార్లెస్ కెట్టరింగ్ తయారుచేశాడు, అది 1912లోనే కాడిలాక్ కార్లకు వచ్చింది. అయినా బ్యాటరీ పడుకున్న తెల్లవారుజామున మన పాత అంబాసిడర్లకు హ్యాండిలే దిక్కయ్యేది. మీ నాన్నగారు ఎలా పట్టుకునేవారో ఉత్తచేతులతో చేసి చూపించమనండి. మాటలకు తడుముకున్నా, చేతులు మరిచిపోవు.

పిల్లలకు ఇంకొకటి చెప్పండి. తాతయ్య కారు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌కు మన రూపం. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 1957 నుంచి 2014 దాకా తయారుచేసింది. యాభై ఏళ్లు దాటినా ఆ గుండ్రటి భుజాలు పెద్దగా మారలేదు. అందుకే అక్కడ బ్రిటిష్ కారు కనబడితే, అందులో తాతయ్య బండి పోలికలు వెతకమనండి.

ముట్టుకోవద్దన్న చోట ముట్టుకోకండి, అద్దంలోంచి చూసినా చాలు. గేరు రాడ్డు ఎక్కడుందో చూడండి. తొలి అంబాసిడర్లలో అది స్టీరింగ్ కిందే ఉండేది, ముందు సీటు ఒకే బెంచీ. ముందర ముగ్గురు సర్దుకుని కూర్చున్న రహస్యం అదే.

హడావిడి పడకుండా, మధ్యమధ్య ఆయన్ను కూర్చోబెడుతూ చూపించండి. చార్మాడి ఘాటు కొండదారి మీదుగా వెళ్తుంటే ముందు సీటు ఆయనకే ఇవ్వండి. ఇంట్లో 'ఏపీ 02' నంబరు ప్లేటుతో ఆ బండి ఫొటో ఏదైనా ఉంటే వెంట పెట్టుకోండి. తిరిగి వచ్చాక, ఆయనది స్టీరింగ్ గేరు బండో, నేల గేరు బండో నాకు తప్పకుండా రాయండి.