మొజంజాహీ మార్కెట్ పక్కన గది తీసుకునే ముందు

బిడ్డా,

హైదరాబాద్‌లో మొజంజాహీ మార్కెట్ దగ్గర గది వెతుకుతున్నావని తెలిసి రాస్తున్నా. మంచి జాగా. 1935లో రాతితో కట్టిన ఆ మార్కెట్, అక్కడినుంచి నడిచిపోతే సిద్దిఅంబర్ బజార్, ఉస్మాన్‌గంజ్, బేగంబజార్. అయితే బజారు వేళలు తెలియకుండా అక్కడ ఉండలేవు.

గదిని ఒక్కసారే చూసి అడ్వాన్స్ ఇవ్వకు. పగలు పదకొండింటికి ఒకసారి, రాత్రి పదకొండు దాటాక ఇంకోసారి వెళ్లు. పెద్ద లారీలను పగలు రానివ్వరు కాబట్టి సరుకు దిగేది రాత్రిపూటే. గోదాము వైపు కిటికీ ఉంటే నీకు నిద్ర ఉండదు. కింది గది చౌకగా వస్తుందని ఆశపడకు. గోడ మీద మోకాలెత్తున మరక గీత కనిపిస్తే, వానాకాలంలో మోరీ నీళ్లు లోపలికి తన్నుకొచ్చే ఇల్లని అర్థం. నల్లా ఏ రోజు వస్తుంది, ఎన్నింటికి, సంపు ఎంత, మోటరు ఎవరు వేస్తారు... ఇవి ఓనరును కాదు, పై వాటాలో కిరాయికి ఉన్నవాళ్లను అడుగు.

ఆ పాత ఇళ్ల గోడలు చాలావరకు డంగుసున్నంవి. సుత్తితో మేకు కొడితే అరచేయంత పెచ్చు ఊడుతుంది. బరువులు గోడకు తగిలించకు, నేలమీద నిలబడే ర్యాకు కొనుక్కో. తడి మరకల మీద సిమెంటు పూస్తామంటే అస్సలు ఒప్పుకోకు. సున్నపు గోడ తడిని పీల్చి మళ్లీ గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు పొర పడిందంటే ఆ తడి లోపలే చిక్కుకుంటుంది, కొన్నాళ్లకు పొర ఉబ్బి పలకలుగా రాలుతుంది. సున్నమే పూయించమను.

కిరాణా గోదాములున్న చోట ఎలుకలు తప్పవు. మోరీ రంధ్రానికి ఇనుప జాలీ బిగించు. పప్పు, బియ్యం స్టీలు డబ్బాల్లోనే పెట్టు, ప్లాస్టిక్‌ను కొరికేస్తాయి.

బేగంబజార్‌లో కొనేటప్పుడు ముందు ధర అడగకు, ‘కనీసం ఎంత తీసుకోవాలి’ అని అడుగు. కొన్ని దుకాణాల్లో అర కిలోకు ఒక రేటు, ఐదు కిలోలకు ఒక రేటు. స్టీలు సామాను తూకానికి ఇస్తారు. అట్టపెట్టె తీసేసి తూయించు. జీడిపప్పులో 240, 320 అనే అంకెలు ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని పలుకులు తూగుతాయో చెప్తాయి. అంకె చిన్నదైతే పలుకు పెద్దది, ధర ఎక్కువ. కూరల్లోకి నూరుకోవడానికి 240 దండగ, ముక్కలు చాలు. ఎండుమిర్చి ఏడాదికి సరిపడా కొనాలంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో కొను. గుప్పిట్లో నలిపితే గలగలమనాలి. మెత్తగా వంగిందంటే అందులో తడి ఉంది, తూకంలో నష్టపోతావు, పైగా బూజు పడుతుంది. ఆదివారం చాలా దుకాణాలు మూసుంటాయి.

మార్కెట్‌లో అత్తరు కొంటావు కదా. సీసా మూత వాసన చూసి తీసుకోకు. మణికట్టు మీద ఒక చుక్క రాయించుకుని, ఓ అరగంట తిరిగి వచ్చి అప్పుడు చూడు. మొదట ఘుప్పుమన్నది అప్పటికే పోతే వద్దను. తులం అంటే దాదాపు 11.66 గ్రాములు, మొదటిసారి పావు తులం చాలు. ఎండాకాలానికి వట్టివేరు, చలికాలానికి షమామా అనే ఘాటైన అత్తరు బాగుంటాయి. ఆ మార్కెట్ ఐస్‌క్రీమ్ సంగతి నీకు చెప్పనక్కర్లేదు గానీ, సీతాఫలం ఐస్‌క్రీమ్ మాత్రం ఆ పండు కాలంలోనే తిను.

వినాయక నిమజ్జనం ఊరేగింపు మార్కెట్ ముందునుంచే పోతుంది. ఆ ముందు రోజే బండిని కోఠి అవతల ఎవరింట్లోనైనా పెట్టు, పాలు, కూరలు, మందులు తెచ్చుకో. మర్నాటి దాకా కూడా దారి తెరవకపోవచ్చు. జనవరి 1 నుంచి నాంపల్లిలో నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్ మొదలవుతుంది, ఆ సాయంత్రాలు గాంధీభవన్ మెట్రో స్టేషన్ కిటకిటలాడుతుంది. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి నడిచి వచ్చెయ్.

గది చూసొచ్చాక, రెండోసారి రాత్రి వెళ్లినప్పుడు ఏం కనిపించిందో రాయి.

ఆశీస్సులతో,
పెద్దనాన్న