ముక్కు పెద్దదిగా పడటానికి కారణం లెన్సు కాదు, దూరం

ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరున్న) కెమెరాపై 24 మి.మీ. లెన్సుతో, అంటే ఎక్కువ వెడల్పు దృశ్యాన్ని పట్టే లెన్సుతో తీసిన మీ చెల్లెలి ఫొటోలో ముక్కు ఉబ్బినట్టూ, వెనకున్న గోపురం బాగా చిన్నదైపోయినట్టూ కనిపిస్తోందని, అది లెన్సు లోపమా అని అడిగారు. లోపమేమీ లేదండీ. ముఖం ఫ్రేము నిండాలని మీరు అడుగు దూరానికి వెళ్లి ఉంటారు. అక్కడ ముక్కు 30 సెంటీమీటర్లలో, చెవి దాదాపు 42 సెంటీమీటర్లలో ఉంటాయి కనుక చెవితో పోలిస్తే ముక్కు సుమారు 40 శాతం పెద్దదిగా పడుతుంది, అదే మీటరు దూరం నుంచి తీస్తే ఆ తేడా 12 శాతమే. ముఖానికి మీటరు పైచిలుకు దూరం ఉండేలా వెనక్కి జరిగి, దృశ్యాన్ని దగ్గరగా చూపే 85 మి.మీ. లెన్సు వాడితే ముఖం అదే పరిమాణంలో ఉంటుంది, దూరపు గోపురం మాత్రం మూడున్నర రెట్లు పెరుగుతుంది. నమ్మకం కుదరకపోతే ఆ మీటరు పైచిలుకు దూరంలోనే నిలబడి 24 మి.మీ. లెన్సుతోనూ తీసి, మధ్యభాగం కత్తిరించి పోల్చి చూడండి. ముఖం ఆకృతి ఒకటే వస్తుంది. ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సరున్న) కెమెరాలో 50 మి.మీ. లెన్సు కూడా ఇంచుమించు 85లాగే దగ్గరగా చూపుతుంది కనుక, అది ఉన్నవారికి చవకైన 50 మి.మీ. లెన్సే చాలునని నా అభిప్రాయం.